మందు పడని సాళ్ళు

ప్రశ్నకు కూర్చున్నచోటే జవాబు చెప్పే అలవాటు ఓదెలు సారుకు లేదు. పత్తి పురుగుల మీద మందులు పరీక్షించడంలోనే ఆయన తల నెరిసింది. ఎవరేమడిగినా "పద, చేనులోకి పోదాం" అంటాడు, చెప్పులు వెతుక్కుంటాడు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నవనీత ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "సార్, ఒక్కో చోట ఒక్కో మందు కొట్టి చూస్తున్నాం, సరే. నడిమధ్యన కొన్ని సాళ్ళు ఏ మందూ కొట్టకుండా ఉత్తగా వదిలేస్తాం. అక్కడ పురుగు తింటుందని ముందే తెలుసు కదా! రైతుకు నష్టం, మనకు తిట్లు. అవెందుకు?"

సారు చెప్పులు వేసుకున్నాడు.

చేను పోసవ్వది. భర్త పోయాక ఒంటి చేత్తో సేద్యం లాక్కొస్తున్న మనిషి. ఆ ఏటి బతుకంతా ఆ పత్తి మీదే. పచ్చదోమ పిల్లలు ఆకుల అడుగున చేరి రసం పీలుస్తుంటే అంచులు ముడుచుకుని ఎర్రబడుతున్నాయి. పనిచేసిన మందేదో వీళ్ళు చెబితే చేనంతా అదే కొడదామని కూలీలను పిలిపించి, డ్రమ్ముల్లో నీళ్ళు నింపి పెట్టుకుంది. వీళ్ళను చూడగానే వదిలేసిన సాళ్ళకేసి చెయ్యి చాపింది. "ఇంటిల్లిపాదికి బువ్వ పెట్టి ఒక్క పిల్లను పస్తు పండవెట్టినట్టుంది సారూ మీ పని!"

నవనీత తలవంచుకుని మొదటి మందు కొట్టిన సాళ్ళలోకి దిగింది. ఆకు తిరగేసింది. అడుగంతా తెల్లగా, కదలకుండా పిల్ల దోమలు. ఇంకో ఆకు. అదే. "చచ్చినయ్ అవ్వా! అన్నీ చచ్చినయ్!" అని అరిచింది.

"నీ నోట్ల శక్కరి వొయ్య!" అంటూ పోసవ్వ కూలీలను కేకేసింది.

"జర ఆగు పోసవ్వా," అన్నాడు సారు. నవనీతను వదిలేసిన సాళ్ళలోకి తీసుకుపోయి ఒక ఆకు తిప్పి చూపాడు. అక్కడా అవే. తెల్లగా, కదలకుండా.

"ఇక్కడ మందే పడలేదు. వీటిని ఎవరు చంపారమ్మా?"

సారు ఆకు మీద మెల్లగా ఊదాడు. తెల్లనివన్నీ పొట్టులా ఎగిరిపోయాయి. ఈనె చాటు నుంచి, ఒళ్ళు పెంచుకున్న పచ్చటి పిల్లలు ఎండ్రకాయల్లా అడ్డంగా ఉరికాయి. తాను చూసినవి శవాలు కావు, కుబుసాలు. ఆమె వెనక్కి పరుగెత్తి మందు కొట్టిన ఆకు మీద ఊదింది. అక్కడా ఉరికాయి.

"అంటే అంగీలిడిచి పెరుగుతున్నయా, దొంగముండలు!" అంది పోసవ్వ గుండె మీద చెయ్యేసుకుని.

రెండో మందు కొట్టినచోట మాత్రం ఎంత ఊదినా ఏదీ ఎగరలేదు, ఏదీ ఉరకలేదు. నల్లబడి ఆకుకే అతుక్కుపోయాయి. కూలీలు ఆ మందే కలపసాగారు. పోసవ్వ నవనీత రెండు చేతులూ పట్టుకుంది. "సల్లగుండు బిడ్డా. ఆ పనికిరాని మందు కొట్టి కూసుంటే నా చేను మాడిపోతుండె."

"నాకెందుకవ్వా," అంది నవనీత. "నేనైతే దాన్నే కొట్టమంటిని."

పోసవ్వ సారు వైపు తిరిగింది. "మీ పని అయిపాయె గద సారూ. ఇగ ఆ పస్తున్న సాళ్ళకు గూడ కొట్టిపిద్దునా?"

"కొట్టించు పోసవ్వా," అన్నాడు సారు. "కాకపోతే ముందు మా అమ్మాయిని అక్కడ కాసేపు నిలబడనియ్యి."