సుగుణమ్మగారి ఆసిలేటర్

"నిజం చెప్పడం తప్పా మాష్టారూ?"

తాతారావు షెడ్డులోకి వస్తూనే అడిగిన మాట ఇది. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు. ఒకటి గుమ్మం బయట ఉంది, ఇంకోటి కాలికే ఉంది.

ఖాదర్ మాష్టారు తలెత్తకుండా బల్ల మీదున్న ఏదో పెట్టెని గుడ్డతో తుడుస్తున్నారు.

"కూర్చో నాయనా. ముందు ఆ రెండో చెప్పు సంగతి చూడు."

ఈ ఖాదర్ మాష్టారు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ముప్పయ్యారేళ్లు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, కాలేజీలూ ఫ్యాక్టరీలూ మూల పడేసిన పాత మీటర్లూ, ఆసిలోస్కోపులూ, సిగ్నల్ జనరేటర్లూ తెచ్చుకుని బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. వాటితో ఇప్పుడు పనేమిటయ్యా అంటే, ఏమీ లేదు. అరచేతిలో పట్టే మీటర్లు బజార్లో బోలెడు. కానీ ఆ పాతవాటి డయలు తిప్పుతుంటే వేలికి తగిలే మెత్తని బిగువూ, గాజుబుడ్డి లాంటి వాల్వు వెలగ్గానే లోపలినుంచి వచ్చే నారింజ రంగు వెలుతురూ, వేడెక్కిన దుమ్ము వాసనా, అదొక పిచ్చి. ఒకసారి పట్టుకుందంటే వదలదు. అలా పట్టుబడ్డవాళ్లు రాజమండ్రిలో ఐదారుగురు తేలారు. దానవాయిపేటలో మాష్టారి రేకుల షెడ్డే వాళ్లకి మఠం. ఆదివారం పొద్దున్నే చేరారంటే ఇళ్లలోంచి భోజనానికి ఫోన్లు వచ్చేదాకా కదలరు.

అక్కడో ఆనవాయితీ ఉంది. ఎవరైనా ఒక పెట్టెని బాగుచేస్తే, దాన్ని తెచ్చి అందరి ముందూ స్విచ్చి వెయ్యాలి. వేసేవాళ్లే వేడివేడి పునుగులు తేవాలి. పెట్టె పనిచేస్తే సంతోషంగా పునుగులు తింటారు. పనిచెయ్యకపోతే, పునుగులు తిని మళ్లీ పెట్టె విప్పుతారు. ఏ రకంగా చూసినా పునుగులకి మాత్రం ఢోకా లేదు.

తాతారావు ఆ గుంపులో మొనగాడు. రైల్వేలో టికెట్ కలెక్టరు. ప్లాట్‌ఫారం మీద నడిచొచ్చే మనిషి నడక చూసి టికెట్టు ఉందో లేదో చెప్పేస్తాడని పేరు. పెట్టెల దగ్గరా అదే చూపు. ఎక్కడ సోల్డరింగు సరిగ్గా అతకలేదో, ఏ వైరు పొరపాటున ఎటు వెళ్లిందో ఇట్టే పట్టేస్తాడు. ఈ మధ్య వోల్టులు కొలిచే ఒక పాత నల్లమీటరు సంపాదించాడు. ఇటుకంత బరువు, అద్దం వెనక సన్నటి ముల్లు, తోలు సంచీ. దాన్ని చంటిపిల్లాడిలా చంకనేసుకుని తిరుగుతున్నాడు.

గొడవ కూడా ఆ మీటరు దగ్గరే మొదలైంది.

సుగుణమ్మగారని, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన ఆవిడ. గుంపులో కొత్త. ఎవరో పాలిటెక్నిక్ వాళ్లు పారేసిన ఒక వాల్వుల ఆసిలేటర్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఆసిలేటరంటే మరేం లేదు, కూత పుట్టించే పెట్టె. స్పీకరు తగిలించి డయలు తిప్పితే బొంగురు గొంతు నుంచి సన్నటి ఈల దాకా ఎంత కావాలంటే అంత కూత వస్తుంది. రేడియోలు పరీక్ష చేసుకోవడానికి పూర్వం వాడేవారు. ఆవిడ పెట్టెలో ఎలకలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి. వైర్లన్నీ కొరికేశాయి. ఆవిడ ఎనిమిది నెలలు కూర్చుని, ఒక్కో వైరూ మార్చి, ఒక్కో జాయింటూ అతికి, మొన్న ఆదివారం షెడ్డుకి తెచ్చారు. ఆవిడ చేతి మొదటి పెట్టె అది. పునుగులు రెండు పొట్లాలు తెచ్చారు.

ఆ రోజు మాష్టారు ఊళ్లో లేరు. మనవరాలి నిఖాకి కాకినాడ వెళ్లారు.

ఆవిడ మూత తెరిచి చూపించి, స్విచ్చి వేశారు. వాల్వులు వేడెక్కి కూత రావడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం తాతారావు ఆగలేకపోయాడు. ఈలోపే తన నల్లమీటరు క్లిప్పులు వాల్వు దగ్గర తగిలించేశాడు. కాసేపటికి కూత వచ్చింది. వచ్చిందంటే, జలుబు చేసిన పిల్లి మూలిగినట్టు వచ్చింది. తాతారావు ముల్లు చూశాడు. పెట్టెతో వచ్చిన కాగితంలో ఆ చోట వంద వోల్టులు ఉండాలని రాసుంది. ముల్లు అరవై దగ్గర నిలబడింది.

"పాస్ కాదండీ ఇది" అన్నాడు.

మా ఇంట్లో గట్టిగానే మోగిందండీ అన్నారు సుగుణమ్మగారు, చిన్న గొంతుతో.

"ఇంటి దగ్గరుందండీ అనే టికెట్లు నేను రోజూ వింటుంటానండీ."

అందరూ నవ్వేశారు. నవ్వకుండా ఉండలేని మాటే మరి. ఆవిడ కూడా నవ్వబోయి, నవ్వలేక, పెట్టెని చీరముక్కలో చుట్టుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయారు. పునుగులు చల్లారిపోయాయి. ఆ షెడ్డు చరిత్రలో పునుగులు మిగలడం అదే మొదలు.

ఇదంతా తాతారావు పూస గుచ్చినట్టు చెప్పాడు. తను లేనిది కల్పించలేదనీ, ముల్లు చెప్పిందే చెప్పాననీ, మర్నాటినుంచి అందరూ తనని ఎందుకలా చూస్తున్నారో అర్థం కావట్లేదనీ అన్నాడు.

మాష్టారు ఊ కొడుతూ, తుడుస్తున్న పెట్టెని ఇటు తిప్పారు. తాతారావు అప్పుడు గుర్తుపట్టాడు. అది సుగుణమ్మగారి ఆసిలేటరే. పక్కన ఒక చీటీ.

"అన్నయ్యగారికి, దీన్ని విప్పి పనికొచ్చే పార్టులు ఎవరికి కావాలంటే వారికి ఇవ్వండి. ఈ పని నాకు చాతకాదని తెలిసింది. ఇంక ఆదివారాలు రాను. నా సోల్డరింగ్ ఐరన్ కూడా ఇందులోనే పెట్టాను."

చీటీ కింద ఐరన్ ఉంది. పిడికి గులాబిరంగు టేపు చుట్టి ఉంది, చెయ్యి జారకుండా.

తాతారావు ఆ టేపు మీద ఒకసారి వేలు పెట్టి తీసేశాడు. అయినా దాచుకోవడం ఎందుకు, ఆ పెట్టె డయలు మీద అతనికి మొదట్నుంచీ మనసుంది. విప్పేస్తే అది తనకిమ్మని అడుగుదామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"నీ మీటరు తెచ్చావా?" అని అడిగారు మాష్టారు.

తేకపోవడమేమిటి. సంచీలోంచి తీశాడు.

మాష్టారు ముందు ఒక కొత్త బ్యాటరీ ఇచ్చారు. పెట్టి చూస్తే సరిగ్గా ఉండాల్సినంతే చూపించింది. గోడ ప్లగ్గులో పెట్టమన్నారు. అదీ సరిగ్గానే ఉంది. తాతారావు ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"మంచి మీటరు" అన్నారు మాష్టారు. మెచ్చుకోలుగానే అన్నారు.

తర్వాత ఆసిలేటరు మూత నాలుగు స్క్రూలూ విప్పించి, స్పీకరు తగిలించి, ఆ రోజు పెట్టినట్టే పెట్టమన్నారు. తాతారావు క్లిప్పులు పెట్టి స్విచ్చి వేశాడు. వాల్వులు వెలిగాయి. పిల్లి మూలిగింది. ముల్లు అరవై.

"చూశారా" అన్నాడు తాతారావు.

మాష్టారు లేచి, బీరువాలోంచి అచ్చం అలాంటిదే ఇంకో నల్లమీటరు తెచ్చారు. కాలేజీ ల్యాబులో ఇవి డజన్లకొద్దీ ఉండేవి. దాని క్లిప్పుల్ని తాతారావు క్లిప్పుల పక్కనే, అదే చోట తగిలించారు.

తాతారావు ముల్లు అరవై నుంచి నలభైమూడుకి జారింది. మాష్టారి మీటరులోనూ నలభైమూడే. పిల్లి మూలుగు కాస్తా దోమ పాటయింది.

తాతారావు వంగి చూశాడు. లేచి చూశాడు. అద్దం మీద వేలితో తట్టాడు.

మాష్టారు మూడోది తెచ్చి తగిలించారు. మూడు ముళ్లూ ముప్ఫైమూడు. కూత ఆగిపోయింది. షెడ్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

మాష్టారు వెళ్లి కుర్చీలో కూర్చుని, చల్లారిపోతున్న టీ చేతిలోకి తీసుకున్నారు.

తాతారావు మూడు మీటర్లనీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. తర్వాత చెయ్యి చాపి మూడోదాని క్లిప్పు తీశాడు. దోమ పాట మొదలైంది. రెండోదాని క్లిప్పు తీశాడు. పిల్లి మూలిగింది. ముల్లు మళ్లీ అరవైకి వచ్చి నిలబడింది. ఇంక మిగిలింది తనదొక్కటే.

ఆ క్లిప్పు దగ్గర అతని చెయ్యి కాసేపు ఆగింది.

తీశాడు.

ఏం చెప్పాలి, షెడ్డంతా నిండిపోయింది. గుండ్రంగా, దిట్టంగా, ఒక్క చోట కూడా బీటలేని కూత. పైన రేకులు సన్నగా వణికాయి. బల్ల మీద స్పూను గ్లాసులో గలగలలాడింది. గోడ అవతల పక్కింటావిడ, ఏంటి సాయిబుగారూ ఓడేమైనా వచ్చిందా అని కేకేశారు.

తాతారావు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ పెట్టె అసలు గొంతు అతను వినడం అదే మొదటిసారి. ముల్లు కదలాలంటే ముల్లుకీ కొంత కరెంటు కావాలి కదా. అదెక్కడిది? ఈ పెట్టెలోదే. బ్యాటరీ దగ్గరా గోడ ప్లగ్గు దగ్గరా గోదాట్లో చెంబు ముంచినట్టే, తీసినట్టు కూడా తెలీదు. ఈ వాల్వు దగ్గర ఉన్నదే గ్లాసుడు. అందులోంచి సగం దాకా తన మీటరే తాగేసి, గ్లాసు వెలితిగా ఉందని ఆవిడ మీద కేసు రాసింది.

"అయితే నా మీటరు అబద్ధం చెప్పిందా మాష్టారూ?"

"లేదే. అది అక్కడున్నప్పుడు ఎంత ఉందో అంతే చెప్పింది."

తాతారావుకి సిగ్గేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది. నవ్వూ సిగ్గూ కలిసి, ఎటు చూడాలో తెలీక స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆవిడకి ఏం చెప్పమంటారని అడిగాడు.

"క్లిప్పు అందరి ముందూ పెట్టావు కదా" అన్నారు మాష్టారు. అని టీ తాగేశారు.

ఆ సాయంత్రమే తాతారావు సుగుణమ్మగారింటికి వెళ్లాడు. ఆవిడ గేటు తీశారు గానీ లోపలికి రమ్మనలేదు.

"పార్టులు పీకేశారా?"

"లేదండి. ఒక్క స్క్రూ కూడా..." అని, ఆగి, "నాలుగు స్క్రూలు విప్పామండి. మళ్లీ బిగించాం" అన్నాడు.

"అదీ. మీ చేతులు ఊరుకుంటాయా."

ఆదివారం ఒక్కసారి రమ్మని అడిగాడు. తన తప్పు అందరికీ చూపించాలనీ, దానికి ఆవిడ ఉండాలనీ అన్నాడు. తప్పయితే ఇక్కడే చెప్పెయ్యొచ్చుగా అన్నారు ఆవిడ. నోటితో చెప్పేది కాదండీ, చెవులతో వినాల్సిందండీ అన్నాడు. ఆవిడ ఏ సంగతీ తేల్చకుండా గేటు వేసేసుకున్నారు.

ఆదివారం వచ్చారు. వచ్చి, గుమ్మం పక్క స్టూలు మీద, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడైనా లేచిపోయేలా కూర్చున్నారు. తాతారావు ఆసిలేటరు మూత విప్పి, మూడు నల్లమీటర్లూ తగిలించి స్విచ్చి వేశాడు. అర నిమిషం అయింది. ముప్పావు అయింది. చప్పుడు లేదు.

పోయినట్టుందండీ పాపం అన్నాడు మందుల షాపు పుల్లయ్య.

"సుగుణమ్మగారూ, ఆ చివరి మీటరు తీయండి" అన్నాడు తాతారావు.

ఆవిడ ఇష్టం లేకుండానే లేచి తీశారు. దోమ పాట. రెండోది తీశారు. పిల్లి. ఆవిడ ముప్పయ్యేళ్లు చెవులతో ఉద్యోగం చేసిన మనిషి. ఆ పిల్లి వినపడేసరికి ఠక్కున తాతారావుకేసి చూశారు. సంగతంతా ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అతను మూడో మీటరు కూడా తియ్యమన్నట్టు చెయ్యి చూపించాడు.

"అది మీదండీ" అన్నారు ఆవిడ. "మీరే తియ్యండి."

తాతారావు తీశాడు.

పుల్లయ్య స్టూలు మీంచి సగం లేచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. తాతారావు అందరి ముందూ, తన మీటరు తాగిన సంగతీ, తను ఆగలేకపోయిన అర నిమిషం సంగతీ, ఏదీ వదలకుండా చెప్పాడు. సుగుణమ్మగారు వింటున్నారో లేదో తెలీదు. ఆవిడ చెయ్యి అప్పటికే డయలు మీదకి వెళ్లిపోయింది. కూతని కిందికి దించారు, నేల బొంయ్‌మంది. పైకి లాగారు, సన్నటి ఈలై రేకుల్లోంచి దూరిపోయింది. బయట రెండు కుక్కలు సమాధానం చెప్పాయి. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వారు. నవ్వుతూనే హ్యాండ్‌బ్యాగు తెచ్చి మాష్టారి బల్ల కింద పెట్టి, నా ఐరన్ ఏదండీ, ఈ స్పీకరు వైరు ఊడిపోయేలా ఉంది అన్నారు.

పుల్లయ్యకి మాత్రం ఇంకా తేలలేదు. లెక్క తెగితే గానీ నిద్రపట్టని మనిషి.

"అంతా బాగానే ఉంది గానీ తాతారావుగారూ, అసలు అక్కడ ఇప్పుడు వంద ఉన్నట్టా, లేనట్టా?"

అలవాటు కొద్దీ తాతారావు చెయ్యి మీటరు మీదికి వెళ్లింది. వెళ్లి, ఆగిపోయింది. పెట్టకపోతే ఎంతో తెలీదు. పెడితే ఉన్నది ఉండదు. ఎటూ పాలుపోక మాష్టారికేసి చూశాడు. అతనితోపాటు అందరూ చూశారు.

ఖాదర్ మాష్టారు కళ్లు మూసుకుని ఉన్నారు. వేళ్లు మోకాలి మీద నెమ్మదిగా కదులుతున్నాయి.

"పాడుతోందిగా" అన్నారు.