ముందు సీట్లో నిద్ర

వరదాచార్యులు గారిని ఎవరైనా పుస్తకంలోంచి ప్రశ్న అడిగితే పుస్తకంలోంచే జవాబు చెప్పేవారు. తమ బతుకులోంచి అడిగితే మాత్రం పుస్తకం మూసేసేవారు. చీమకుర్తిలో ఆయన ఇంటి వసారాలో సాయంత్రం పూట పాఠానికి కూర్చునే పదిమందికీ ఆ అలవాటు తెలుసు. అందుకే ఆ రోజు ప్లీడరు మృత్యుంజయరావు గొంతు సవరించుకోగానే అందరూ ఆచార్యులు గారి చేతి వైపు చూశారు.

"గురువుగారూ, ఈ వైరాగ్యమన్నది ఎవరికోసం చెప్పారో నాకు బోధపడటం లేదు. వస్తువు అక్కర్లేనివాడికి దానితో పనిలేదు. అక్కరున్నవాడికి, అందులోనూ ప్రాణావసరంగా కావలసినవాడికి, అది కుదిరే పని కాదు. ఇక మిగిలిందెవరు?"

ఆచార్యులు గారు పుస్తకం మూశారు. వాదన ఎత్తుకోలేదు.

"అయిదేళ్ల కిందట నేనొకసారి కారు కొనడానికి వెళ్లాను" అన్నారు.

సైకిలు తప్ప ఎరగని మనిషి నోట కారు మాట విని ఒకరిద్దరు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

ఆ కారు ఆయనకు కాదు. రెండిళ్ల అవతల ఉండే పేరిందేవికి. ఆమె జాకెట్లు కుట్టేది. భర్త కోటిలింగం గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసి, కిడ్నీలు రెండూ పాడై ఇంట్లో పడ్డాడు. వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాల్లో ఒంగోలు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. పోయేటప్పుడు ఎలాగో పోవచ్చు, వచ్చేటప్పుడే నరకం. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని, ఒంట్లో సత్తువంతా తోడేసినట్టు అయిపోయిన మనిషి, రాళ్ల లారీల వెనక దుమ్ములో, గుంట గుంటకీ ఎగిరిపడుతూ ఆటోలో ఇల్లు చేరాలి. అలా రెండేళ్లు చూసి, నలభై ఎనిమిదో ఏట పేరిందేవి డ్రైవింగ్ నేర్చుకుంది. కుట్టిన డబ్బూ, అమ్మిన గొలుసూ కలిపి ఒక చిన్న కారుకు సరిపడా పోగుచేసింది. ఒంగోలు బైపాస్ మీద ఒక షోరూమ్ వాళ్లు రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపి ధర ఇంత అని కాగితం మీద రాసిచ్చి, శనివారం వచ్చి డబ్బు కట్టి కారు తీసుకెళ్లమన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆమె ఆచార్యులు గారి వాకిట్లోకి వచ్చి నిలబడింది. అంతకుముందు ఏనాడూ ఆయన పాఠానికి వచ్చిన మనిషి కాదు.

"రేపు నాతో ఒంగోలు రావాలి అయ్యవారూ. మీరేం మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. ఆడమనిషి ఒక్కతే వస్తే వాళ్ల మాట తీరు వేరుగా ఉంటుంది."

ఆచార్యులు గారు సరేనన్నారు. మాట్లాడక్కర్లేదన్న మాట ఆయనకు కాస్త గుచ్చుకుంది. ముప్పై ఏళ్లకు పైగా తర్కం చెప్పినవాడికి కార్లమ్మేవాడికి బదులు చెప్పడం ఒక లెక్కా అనుకున్నారు.

మర్నాడు డయాలసిస్ ముగించుకుని ముగ్గురూ షోరూమ్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కోటిలింగం గుమ్మం దగ్గరే గోడ పట్టుకుని ఆగిపోయాడు. సేల్స్‌మన్ వినీల్ పరుగున వచ్చాడు. పేరిందేవి అడిగిన తెల్లకారు అద్దాల తలుపు బయట, షెడ్డు కింద నిలబెట్టి ఉంది.

"అంకుల్ బాగా అలిసిపోయారమ్మా. కార్లో కూర్చోబెడదాం, ఏసీ వేస్తాను. ఎలాగూ మీ కారే కదా!"

అతనే చెయ్యిపట్టి తీసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి వాల్చాడు. ఆ పని దయతోనే చేశాడో, ఇంకెందుకైనా చేశాడో ఆచార్యులు గారికి ఇప్పటికీ తెలియదు. లోపల బల్ల ముందు కూర్చున్నవాళ్లకి అద్దంలోంచి ఆ కారు ఎదురుగా కనిపిస్తుంది. అయిదు నిమిషాల్లో కోటిలింగం తల ఒక పక్కకి ఒరిగింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నిద్రపోయాడు.

వినీల్ కొత్త కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేరిందేవి తన చేతిసంచిలోంచి పాత కాగితం తీసి దాని పక్కన పరిచింది. రెండింటి మీదా వేలు పెట్టి వరసకు వరస చూసుకుంటూ వచ్చింది. కొత్తదానిలో మూడు వరసలు ఎక్కువున్నాయి. సీటు కవర్లూ మ్యాట్లూ అని ఒకటి, రంగు పోకుండా వేసే పూత అని ఒకటి, హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒకటి. అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలు.

"హ్యాండ్లింగ్ అంటే ఏంటి నాయనా?"

"అంటే, బండి స్టాక్‌యార్డు నుంచి ఇక్కడికి తెచ్చి, కడిగి, మీకు అప్పజెప్పడానికమ్మా. అందరికీ ఉండేదే."

"మరి ఆ రోజు రాసినప్పుడు బండి ఎక్కడుంది?"

వినీల్ నవ్వి, మేనేజర్ని పిలుచుకొస్తానని లేచాడు. మేనేజరు పేరు దివాకర్. నలభై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడతాడు. పాత కాగితం ఉత్త అంచనా మాత్రమేనన్నాడు. అంచనా అని దాని మీద ఎక్కడుందో చూపించమంది పేరిందేవి. పూతా కవర్లూ లేకుండా తమ దగ్గరినుంచి బండి బయటికి వెళ్లదన్నాడు. ఈ నెల డిస్కౌంటు ఇవాళ్టితో సరి అన్నాడు. పైగా ఇదే తెల్లకారు కోసం నాలుగింటికి ఇంకో పార్టీ వస్తున్నారని చెప్పి గోడ గడియారం వైపు చూశాడు. మూడూ పది.

ఇక్కడ ఆచార్యులు గారు ఆగలేకపోయారు. ఒకే వస్తువుకు రెండు ధరలు రాసినప్పుడు ఏది ప్రమాణమని మొదలుపెట్టి, అందరికీ ఉండేదే అయితే ముందే ఎందుకు రాయలేదని నిలదీసి, అలా ఓ పావుగంట వాదించారు. దివాకర్ చేతులు కట్టుకుని, మాట మాటకీ "కరెక్టే సార్" అంటూ విన్నాడు. అంతా విని, పైవాళ్లతో మాట్లాడి వస్తానని లోపలికి వెళ్లాడు. వెళ్లినవాడు ఇరవై నిమిషాల దాకా రాలేదు. చల్లటి మజ్జిగ ప్యాకెట్లు వచ్చాయి. ఎవరూ తాగలేదు. గెలిచాననుకున్న ఆచార్యులు గారు ఆ ఇరవై నిమిషాలూ కుర్చీలో కుదురుగా ఉండలేకపోయారు. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశారు. అద్దంలోంచి నిద్రపోతున్న మనిషిని చూశారు. తన మనసులో ఆ కారు అప్పుడే బయల్దేరి బైపాస్ దాటి, చీమకుర్తి రోడ్డు కూడా ఎక్కేసిందని అప్పుడు ఆయనకు తెలియలేదు.

పేరిందేవి మాత్రం రెండు కాగితాలూ ముందు పెట్టుకుని ఒళ్లో చేతులుంచుకుని కూర్చుంది. కంగారు లేదని కాదు. పాదం ఒకటి బల్ల కింద ఆగకుండా ఆడుతూనే ఉంది.

దివాకర్ తిరిగొచ్చాడు. "చాలా కష్టపడ్డానమ్మా. ముప్పై ఎనిమిదిని పాతిక చేయించాను. ఇంతకన్నా నా చేతుల్లో లేదు." తర్వాత గొంతు ఇంకా తగ్గించి, అద్దం వైపు చూపిస్తూ అన్నాడు. "చూడండి ఆయన్ని. ఎంత హాయిగా పడుకున్నారో. పాతికవేల కోసం లేపి మళ్లీ ఆటో ఎక్కిస్తారా?"

టైము నాలుగుకు పది నిమిషాలు తక్కువ. షెడ్డు ముందు ఎవరిదో బైకు ఆగింది.

"ఇచ్చెయ్యమ్మా" అన్నారు ఆచార్యులు గారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ పాతిక నేను సర్దుతాను. నిద్రపోతున్న మనిషిని లేపకు."

పేరిందేవి తలతిప్పి ఆయన వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎదుటి మేనేజర్ని చూసినట్టే ఆయన్నీ చూసింది.

"వద్దు అయ్యవారూ" అంది.

తర్వాత పాత కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. "ఈ కారు నాకు కావాలి బాబూ. అక్కర్లేదని అబద్ధం చెప్పను. మీరు రాసిచ్చిన రేటుకి ఎప్పుడిస్తామంటే అప్పుడు ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకుంటాను. అందాకా ఆటోలో తిప్పుకుంటాను."

ఆమె అద్దాల తలుపు తోసుకుని షెడ్డు కిందకి వెళ్లింది. ఆచార్యులు గారు వెనకే వెళ్లారు. కారు తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆమె ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో ఆయన చెప్పలేరు. అద్దం అవతల దివాకర్, వినీల్, బైకు మీద వచ్చిన దంపతులు, అందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఇంతసేపు ఆగిన మనిషి తలుపు తియ్యదులే అనుకున్నారు ఆయన. తియ్యకూడదని కూడా గట్టిగా కోరుకున్నారు.

ఆమె తలుపు తీసింది. లోపలి చల్లగాలి ఆయన కాళ్లకి తగిలింది.

"లేవండి. ఇంటికి పోదాం."

కోటిలింగం కళ్లు తెరిచి, ఎక్కడున్నాడో కాసేపు తెలియక, "అయిపోయిందా?" అన్నాడు.

"కాలేదు. ఆ చెయ్యి ఇట్లా ఇవ్వండి."

ఆమె భుజం పట్టుకుని అతను దిగాడు. రోడ్డు మీదకి వచ్చి ఆటో మాట్లాడుకున్నారు. పేర్నమిట్ట దాటాక కోటిలింగం నెమ్మదిగా, "చల్లగా ఉందే ఆ బండి. మంచి నిద్ర పట్టింది" అన్నాడు. పేరిందేవి ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. ఇంటికి చేరేవరకు ఇటు తిప్పలేదు.

మంగళవారం ఆటోలోనే వెళ్లొచ్చారు. బుధవారం వినీల్ ఫోన్ చేసి పన్నెండు వేలకు దించామన్నాడు. కాగితం మీదున్నంతే అని చెప్పి పేరిందేవి ఫోన్ పెట్టేసింది. గురువారం ఆచార్యులు గారు ఇంట్లో ఉండలేక వాళ్ల వెంట వెళ్లారు. తిరుగు ప్రయాణంలో లారీల వరస కదలక ఆటో ఎండలో ఆగిపోయింది. కోటిలింగం బీపీ పడిపోయి కళ్లు తేలేశాడు. రోడ్డు పక్క టైర్ల దుకాణం అరుగు మీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి ఒళ్లో పెట్టుకుని, పేరిందేవి కొంగుతో విసురుతూ కూర్చుంది. అరగంటకి గానీ మనిషి తేరుకోలేదు. ఆ అరగంటా ఆచార్యులు గారు ఆమె ముఖంలో పశ్చాత్తాపం కోసం వెతికారు. ఆమె భర్త పాదాలు రుద్దుతూ ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది, అంతే.

శనివారం కూడా ఆటోలోనే వెళ్లొచ్చారు. ఆ సాయంత్రం దివాకర్ తనే ఫోన్ చేసి, మంగళవారం నెలాఖరు, అమ్మకాల లెక్క చూపించాలి కాబట్టి ఆలోపు వస్తే రాసిన రేటుకే ఇస్తానన్నాడు. తెల్లకారు ఆ నాలుగింటి దంపతులు నిజంగానే తీసుకుపోయారట. పేరిందేవికి దొరికింది బూడిదరంగుది. సోమవారం డబ్బు కట్టి, ఒక్క వరస కూడా ఎక్కువ లేని బిల్లు తీసుకుని, తనే నడుపుకుంటూ వచ్చింది. కోటిలింగం ఆ కార్లో ఏడాదీ నాలుగు నెలలు తిరిగాడు.

ఆచార్యులు గారు అక్కడితో ఆపారు. మృత్యుంజయరావు వృత్తి అతన్ని ఊరుకోనివ్వలేదు.

"ఆ గురువారం అరుగు మీద ఆయనకేమన్నా అయ్యుంటే గురువుగారూ? అప్పుడు ఆమె చేసింది తప్పయ్యేది కదా?"

"సరిగ్గా ఆ మాటే నేనూ ఆమెని అడిగాను. అయ్యుంటే ఏడ్చేదాన్ని అయ్యవారూ, అంది."

ప్లీడరు ఇంకేదో అడగబోయాడు. ఆచార్యులు గారు చెయ్యెత్తి ఆపారు.

"నేను వైరాగ్యం పాఠం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు నాయనా. అయినా ఆ రోజు ఇచ్చెయ్యమ్మా అన్నది నేనే."