ముసాఫిర్‌ఖానా కప్పు

సుభానీకి రేకుల సంగతి ఎంతకీ తేలడం లేదు.

ఉప్పుగుంట దర్గాలో యాత్రికులు బస చేసే పొడుగాటి సావిడి ఒకటుంది. దాన్ని ముసాఫిర్‌ఖానా అంటారు. జబ్బు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు వారాల తరబడి అందులోనే ఉండిపోతారు. దర్గాకీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపు తప్ప వేరే అడ్డం లేదు. కిందటేడు తుఫానుకి ఆ సావిడి కప్పు లేచిపోయింది. ఒక రేకు గాల్లో గిరగిరా తిరుగుతూ వచ్చి నీళ్ళు మోసే మస్తాన్ భుజాన్ని కోసింది. మస్తాన్ బతికాడు. కానీ ఆ కప్పు వేయించిన, దర్గా సేవ చూసుకునే ముజావర్ హుసేన్ మాత్రం ఇక ఆ ఊళ్ళో నిలవలేకపోయాడు. బజారుకి వెళ్తే "అదుగో, రేకుల హుసేన్" అనేవాళ్ళు. ఓ పొద్దున మూట సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

గోడలు మిగిలాయి, ఇనుప దూలాలు మిగిలాయి. వాటిమీద నీలం టార్పాలిన్ కట్టారు.

ఖుద్దూస్ బాబా తన శిష్యుడు సుభానీని పిలిచి, "పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాడివి. ఆ కప్పు సంగతి చూడు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

సుభానీ హుషారుగానే బయల్దేరాడు. నెల్లూరు వెళ్ళి, రేకుల వ్యాపారి పెంచలయ్య కొట్లో కూచుని ఉన్న రకాలన్నీ చూశాడు. రంగు వేసిన ఇనుప రేకు చూడ్డానికి బాగుంది. కానీ స్క్రూ దిగిన చోట రంగు లేస్తుంది, ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. స్క్రూ పైకి కనబడకుండా, రేకు అంచుని పక్క రేకు అంచుతో కలిపి మడిచేసే రకం ఇంకొకటి ఉంది. దానికి బొక్కలే పడవు. కానీ ఆ మడత వేసే మిషను మద్రాసు నుంచి రావాలి. రేపు ఏదన్నా ఊడితే మళ్ళీ మద్రాసు నుంచే రావాలి. రెండు రేకుల మధ్య థర్మోకోల్ లాంటి నురుగు పలక పెట్టిన ప్యానెల్ వేస్తే కింద చల్లగా ఉంటుంది, వాన చప్పుడు వినబడదు. కానీ అంచులోంచి ఒక ఎలుక దూరిందంటే లోపలే కాపురం పెట్టేస్తుంది. అల్యూమినియం రేకుకి తుప్పు బాధ లేదు. కానీ అది మెత్తన, ఇట్టే సొట్టపడుతుంది.

ప్రతి రేకుకీ ఒక "కానీ" ఉంది. సుభానీ ఆ "కానీ" లేని రేకు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

గది నిండా రేకు ముక్కలు చేర్చాడు. కొన్నిటిని సముద్రపు నీళ్ళ బకెట్లో నానబెట్టాడు. కొన్నిటిని ఎండలో పెట్టి, అరచెయ్యి ఆనించి, కాలేదాకా అలాగే ఉంచి చూశాడు. పెంచలయ్యకి రోజూ ఫోను చేసేవాడు.

"ఈ రేకు తుఫానుకి తట్టుకుంటుందా?"

"ఎంత తుఫానుకి?"

"ఎంతదైనా సరే."

"సుభానీ భాయ్, నేనమ్మేది రేకులు. తాయెత్తులు కట్టేది మీ దర్గాలోనే గదా!"

అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ సలహాలిచ్చారు. దర్గా వ్యవహారాలు చూసే ముతవల్లీ నవాజ్ సాహెబ్ ఆకుపచ్చ రంగైతేనే కళగా ఉంటుందన్నాడు. ఏ రకమైనా సరే, ఆకుపచ్చగా ఉండాలి, అంతే. వంట చేసే ఖాజాబీ, చప్పుడు చేసే రేకు గనక వేస్తే వానాకాలమంతా తను పుట్టింటికి పోతానంది. ఆమె పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు, అయినా పోతానంది. మస్తాన్ అయితే రేకు అనే మాటే తన దగ్గర ఎత్తొద్దన్నాడు. సుభానీ అందరి మాటా వినేవాడు, అందరి మీదా విసుక్కునేవాడు, మర్నాడు మళ్ళీ వెళ్ళి వాళ్ళనే అడిగేవాడు.

బజార్లో టీకొట్టు దగ్గర ఎవరో భుజం తట్టారు. "ఏం భాయ్, ఇప్పుడు రేకుల పని నీ చేతికొచ్చిందంట గదా. జాగ్రత్త!" అని నవ్వారు. సుభానీ టీ సగంలో వదిలేసి వచ్చేశాడు. ఆ రోజు ఇంకో రెండు రకాల ముక్కలు తెప్పించాడు.

అందరికన్నా ఎక్కువ విసిగిపోయింది చెంచమ్మ. ఆమె తన కూతురు సుగుణని తీసుకుని కోవూరు అవతల నుంచి వచ్చింది. సుగుణకి మూర్ఛలు. ఆసుపత్రి మందులు వాడుతోంది, దర్గాలోనూ ఉంటోంది. ఒకసారి పడిందంటే ఆ పూటంతా మంచం మీంచి లేవలేదు. టార్పాలిన్ కింద ఆ పిల్ల ఉడికిపోతూ పడుకుని ఉంటే, చెంచమ్మ విసనకర్రతో విసురుతూ కూచునేది. సుభానీ కనబడితే చాలు, అందుకునేది.

"ఏంది అబ్బయ్యా, నీ రేకులికి ఇంకా పెళ్ళిచూపులు కాలేదా?"

"చూస్తున్నా గదమ్మా. తొందరపడితే మళ్ళీ కిందటేడు మాదిరే అవుద్ది."

"చూడు నాయనా, చూడు. నువ్వు చూసేలోపల మేమే ఎండి రేకులైపోతాం."

సుగుణ మాత్రం ఏమీ అనేది కాదు. ఒక్కసారి అడిగింది, మెల్లగా. "అన్నా, వానొస్తే నన్ను యాడ పడుకోబెడతారు?"

సుభానీ గబగబా బాబా గదికి వెళ్ళాడు.

ఖుద్దూస్ బాబా గుమ్మం దగ్గర వెలుతురులో కూచుని, దర్గాలో సమాధి మీద కప్పే పాత చాదర్‌కి చిరుగు కుట్టుకుంటున్నాడు.

"బాబా, ఇక నా వల్ల కాదు. ఏది వేయించమంటారో మీరే చెప్పండి."

"నీకేది మంచిదనిపిస్తోంది?"

"తెలియడం లేదు బాబా."

"అయితే తెలుసుకో."

ఎప్పుడు వెళ్ళినా ఇదే వరస. ఈ మాట వినడానికా ఇల్లూ వాకిలీ వదిలి గురువుని వెతుక్కుంటూ వచ్చింది అని సుభానీకి ఒళ్ళు మండిపోయేది. పైకి అనలేక, గదికి పోయి ఇంకో ముక్కని ఉప్పునీళ్ళలో ముంచేవాడు.

వేసవి ఇంకా పోలేదు. ఒక మధ్యాహ్నం, ఎవరూ అనుకోని వాన పట్టుకుంది.

టార్పాలిన్ నడుమ నీళ్ళు నిలిచి, పాలు చేపిన పొదుగులా కిందికి వేలాడింది. సుభానీ కర్ర తీసుకుని దాన్ని పైకెత్తి నీళ్ళు పక్కకి తోసేద్దామనుకున్నాడు. కర్ర తగలగానే టార్పాలిన్ బర్రున చిరిగింది. నీళ్ళన్నీ ఒక్కుమ్మడిగా సుగుణ మంచం మీద పడ్డాయి. ఆ పిల్ల పొద్దున్నే మూర్ఛవచ్చి పడి, ఇంకా తేరుకోలేదు. చెంచమ్మా ఖాజాబీ చెరో రెక్కా పట్టుకుని బాబా గది వసారాలోకి లాక్కొచ్చారు. వెనకే సావిడిలోని జనమంతా తడిసిన పక్కలు నెత్తిన పెట్టుకుని వచ్చి అక్కడే కిక్కిరిశారు.

చెంచమ్మ ఈసారి ఏమీ అనలేదు. కూతురి జుట్టు పిండుతూ కూచుంది. ఆమె తిట్టినా బాగుండుననిపించింది సుభానీకి.

అయినా బాబా దగ్గరికి వెళ్ళి అతను అన్న మాట ఇది.

"బాబా, ఇంకొక్క వారం ఆగుదాం. మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వస్తానన్నాడు. గాలి లెక్కలన్నీ కట్టి, సంతకం పెట్టి ఇస్తాడు."

"సంతకం దేనికి?"

"రేపు ఏదన్నా అయితే..." సుభానీ ఆగిపోయాడు.

బాబా సూది చాదర్‌కి గుచ్చి పక్కన పెట్టాడు.

"పెంచలయ్య వచ్చి ఉన్నాడన్నారు. రమ్మను. నీ గదిలో ముక్కలన్నీ తెచ్చి ఇక్కడ పరిచిపెట్టు."

పెంచలయ్య నిజంగానే వచ్చి ఉన్నాడు. ఈ బేరం ఇవాళైనా తెగుద్దో లేదో తేల్చుకుని పోదామని వచ్చి వానలో చిక్కుకున్నాడు. ఇద్దరూ కలిసి రేకు ముక్కలన్నీ వసారా గోడకి వరసగా ఆనించారు. జనం జరిగి చోటిచ్చారు.

బాబా లేచాడు. వరస వెంట నడిచాడు. దేన్నీ చేత్తో తీసి చూడలేదు, తట్టి చూడలేదు. ఎర్రరంగు వేసిన ఒక పలచటి ఇనుప రేకు దగ్గర ఆగి దానిమీద చెయ్యి వేశాడు.

"ఇది ముచ్చటగా ఉంది. ఇదే వేసెయ్ పెంచలయ్యా."

తర్వాత జనం వైపు తిరిగాడు.

"అందరూ వినండి. ఈ రేకు ఎంచింది నేను. కారినా, లేచిపోయినా, ఎవరి నెత్తిన పడినా నన్నడగండి. సుభానీకి దీంతో ఏ సంబంధమూ లేదు."

సుభానీకి ఒక్కసారిగా వీపు మీంచి బస్తా దించినట్టయింది. గట్టిగా ఊపిరి వదిలాడు. పెంచలయ్య ఫోను తీసి కొలతలు నొక్కుకోవడం మొదలెట్టాడు. ఎందుకో సుభానీ చూపు మళ్ళీ ఆ ఎర్రరేకు మీదికి పోయింది. బకెట్లో నానబెడితే అన్నిటికంటే ముందు రంగు కింద బుడగలు పొంగింది దానికే.

"బాబా, అది వద్దు."

"ఎందుకు? నాకు నచ్చింది."

"అది పలచన బాబా."

"అయితేనేం? నింద నాది. నీకేం నష్టం?"

"నాకేం నష్టమా?"

గురువు ముందు అతని గొంతు ఏనాడూ అంత లేవలేదు.

"తుప్పు తినేసి స్క్రూలన్నీ వదులైపోతాయి బాబా! ఒక్క అంచు లేచిందంటే ఇక ఆగదు. కింద ఆ పిల్ల పడుకుని ఉంటుంది. లేచి పరిగెత్తగలదా? అప్పుడు మీరు నింద మోస్తే మాత్రం, తెగిన మెడ అతుక్కుంటుందా?"

"మరి ఏది?" అన్నాడు బాబా.

"అల్యూమినియం. ఆ చివర ఉన్న మందపాటిది." సుభానీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. "సొట్టపడితే పడనీండి, సొట్ట కారదు. మడత రకం మనకొద్దు, ఊడితే బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. స్టీలు స్క్రూలకి రబ్బరు వాషర్లు వేసి బిగిద్దాం. దూలానికీ రేకుకీ నడుమ రబ్బరు పట్టీ పడాలి. ఈ ఉప్పుగాలిలో ఇనుమూ అల్యూమినియమూ ఒరుసుకుంటే రేకు పాడైపోద్ది. గాలి ముందు పట్టుకునేది అంచుల్నే. అందుకని అంచుల దగ్గర దూలాలు దగ్గర దగ్గరగా వేసి, స్క్రూలు ఒత్తుగా కొట్టాలి."

"చప్పుడు చేస్తదా?" అంది ఖాజాబీ.

"చేస్తది ఖాలా. ఓర్చుకోవాలి."

"ఆకుపచ్చది దొరకదా?" అన్నాడు నవాజ్ సాహెబ్.

"దొరకదు సాహెబ్."

పెంచలయ్య వేలు ఫోను మీదే ఆగిపోయింది. "ఇదంతా నీకు ఎప్పట్నించి తెలుసు భాయ్?"

సుభానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయన చెప్పింది రాసుకో పెంచలయ్యా" అని బాబా తిరిగి గుమ్మంలో కూచుని చాదర్ ఒళ్ళోకి తీసుకున్నాడు.

వానాకాలం దిగేలోపల కప్పు పడింది. పని జరిగినన్నాళ్ళూ సుభానీ కిందికి దిగలేదు. అంచు స్క్రూలు ప్రతిదీ తన చేత్తో తిప్పి చూసుకున్నాడు.

మొదటి పెద్ద వాన మధ్యాహ్నం నమాజు అయ్యాక మొదలైంది. రేకుల మీద ఆ మోత మామూలు మోత కాదు. ఖాజాబీ చెవుల్లో దూది కుక్కుకుని వంట చేసింది, ఎవరు ఏం అడిగినా "ఆఁ?" అంది. గాలి సరుగుడు తోపుని వంచేసింది. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఒక్క చోట కారింది. అదీ సరిగ్గా సుగుణ మంచం మీద.

"ఇంత చదివి, ఇంత వెతికి, ఆఖరికి ఇదా అబ్బయ్యా!" అంది చెంచమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సుభానీ తలెత్తి చాలాసేపు పైకి చూశాడు. మంచం పక్కకి జరిపి, కారేచోట గిన్నె పెట్టాడు. తర్వాత వానలోనే పరుగెత్తుకుంటూ బాబా గదికి వెళ్ళాడు.

బాబా ముసుగుతన్ని నిద్రపోతున్నాడు.

"బాబా! బాబా!"

"ఏంటి?"

"కప్పు కారుతోంది బాబా."

"ఎక్కడ?"

"చెంచమ్మ వాళ్ళ మంచం మీద."

"మంచం జరిపావా?"

"జరిపాను."

"ఎక్కణ్ణించి కారుతోందో తెలిసిందా?"

"తెలిసింది. నడికప్పు దగ్గర ఒక వాషర్ సరిగా కూచోలేదు. వాన తగ్గగానే ఎక్కి బిగిస్తాను."

ఖుద్దూస్ బాబా అటు తిరిగి పడుకుని, దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

"మరి నన్నెందుకురా లేపావు?"