తడి గీత చివర

నగరం మురుగునంతా ఊరవతలికి మళ్లించి, అక్కడ వడగట్టి, గాలి పట్టించి, శుద్ధి చేసి ఒక చెరువులోకి వదిలేవారు. ఆ చెరువులో తాగే జంతువు ఒక్కటే, ముసలి దున్న. "మురుగు తాగినవాడి పక్కన మేస్తే మనకూ అంటుకుంటుంది" అని నక్క చాటింపు వేసిన నాటి నుంచి మంద దానిని వెలివేసింది. మూడు వేసవులుగా దున్న తన నెమరు చప్పుడే తాను వింటూ కాలం గడిపింది.

మిగిలిన జంతువులన్నీ దగ్గర్లోని ఒక మిల్లు గేటు ముందున్న గుంటకు వెళ్లేవి. మిల్లుకు నీళ్లు తెచ్చి, గేటు తెరిచేదాకా ఆగే ట్యాంకరు నుంచి కారిన నీరు అందులో నిలిచేది. అది నదీజలమని చెప్పిందీ, గుంటకు పెద్దరికం వహించిందీ నక్కే. ఆ ట్యాంకరు ఎక్కడ నిండుతుందో దున్నకు తెలుసు. చెబితే నమ్మేవారెవరు?

ఆ ఎండాకాలం గుంట అడుగంటింది. నక్క తాగాక మిగిలితేనే మందకు. చూలుమేక దాహంతో కూలబడింది.

అది చూసి దున్న దూరం నుంచే పలకరించింది. "నక్క మామా, పోయేలోగా ఆ నదిని కళ్లారా చూడాలని ఉంది. దారి చూపిస్తావా?"

"నీకెందుకయ్యా నది? నీ మురుగు నీకుందిగా!"

"మామకు దారి తెలియదేమో," అంది మేక నీరసంగా.

మంద మొత్తం నక్క వైపు తిరిగింది. నక్క మీసం దువ్వింది. "నాకు తెలియకపోవడమా! ట్యాంకరు కార్చిన తడి గీత కనబడుతోందిగా. దాని వెంట నడిస్తే నదే. రండి, అందరూ రండి!"

నక్క ముందు నడిచింది. అందరికీ వెనక, ఇరవై అడుగుల ఎడంగా, దున్న. తడి గీత తుమ్మలు దాటి, గట్టెక్కి, శుద్ధి చెరువు ఒడ్డున ఆగింది. అక్కడ ట్యాంకరు గొట్టం దించి నీళ్లు తోడుకుంటోంది.

"ఇదేనా మామా నది?" అంది గొర్రె.

"అది... మరి..."

"ఇన్నాళ్లూ మేం తాగింది ఈ నీళ్లేనా? నువ్వు పెత్తనం చేసింది వీటిమీదేనా?"

నక్క తుమ్మల్లోకి జారుకుంది.

మంద నీళ్లలోకి దిగింది. దున్న అలవాటుగా అవతలి ఒడ్డుకు మళ్లబోయింది.

"ఎక్కడికి తాతా? కాస్త జరుగు, నాకూ చోటివ్వు," అంది మేక.

దున్న ఒక్క అడుగు జరిగింది. అంతకన్నా దూరం జరగడానికి దానికి మనసొప్పలేదు.

నీతి: పరీక్షించకుండా తోటివాణ్ణి వెలివేసే మంద, ముందుగా తన దాహం తీరే దారినే మూసుకుంటుంది.