తంగేడమ్మ ఈల

అనగనగా ఒక అడవిలో, రాళ్లగుట్టల నడుమ, ఒక రేచుకుక్కల మంద కాపురముండేది. రేచుకుక్కలంటే మన వీధి చివర పడుకునే కుక్కల్లాంటివి అనుకునేరు! వీటి ఒళ్లు తోమిన రాగిచెంబు రంగు. తోక నల్లగా ఉంటుంది. ఇవి ఒకదాన్నొకటి పిలుచుకోవాలంటే ఈల వేస్తాయి. ఈ గుట్ట మీద ఈల వేస్తే ఆ గుట్ట అవతలికి వినపడుతుంది.

మందంతా వేటకు పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు? అందుకని తంగేడమ్మ అనే ఆడకుక్క బొరియ దగ్గర కావలి ఉండేది. ఎప్పుడో కణితి అనే పెద్ద కొమ్ముల జింక తన్నితే ఆమె వెనకకాలు విరిగింది. పరుగు చేతకాదు. కానీ ఈల వేసిందంటే గుట్టలు మారుమోగాల్సిందే.

ఆ మందలో ఒక ఆచారం ఉండేది. మాంసం బొరియ దగ్గరికి తేగానే ముందు పిల్లలు తినాలి. తర్వాత కావలి ఉన్నవాళ్లు. తర్వాత వేటకెళ్లినవాళ్లు. వాళ్లంతా మూతులు నాక్కున్నాక మంద పెద్ద తినాలి.

ముసలి పెద్ద పోయాక మందంతా కలిసి వడిగాడిని పెద్దను చేసుకున్నారు. పరుగులో వాడికి సాటి లేదు. మంచివాడే పాపం. పిల్లలంటే ప్రాణం, ఆ పిల్లల్లో వాడి పిల్లలూ ఉన్నారు.

ఒకరోజు పెద్ద కణితి పడింది. వడిగాడికి ఆకలి దంచేస్తోంది. "దీన్ని పడగొట్టింది నేనే. ఒక్క ముద్ద ముందు తింటే ఏం పోయింది?" అనుకున్నాడు. తిన్నాడు. తంగేడమ్మ ఒకసారి తలెత్తి చూసింది.

రెండోసారి కడుపునిండా తిన్నాడు. "నాకు సత్తువ లేకపోతే వేట ఎవరు నడుపుతారు? నేను తినేది మీకోసమే," అన్నాడు. చూశారా, తప్పు చేసేటప్పుడు నాలుకకు ఎన్ని మంచి మాటలు దొరుకుతాయో!

మూడోసారి మిగతా వేటగాళ్లూ ఆగలేదు. "పెద్దే ఆగనప్పుడు మనమెందుకు ఆగాలి?" అంటూ మాంసం మీద పడ్డారు. పిల్లలకు మిగిలింది నాలుగు ముక్కలు. తంగేడమ్మ తన ముక్క కూడా వాళ్ల ముందుకే నెట్టేసింది.

"నువ్వు తిన్నావా పెద్దమ్మా?" అని అడిగాడు వడిగాడు, మూతి నాక్కుంటూ.

"తింటాలే నాయనా. కూర్చుని ఉండేదాన్ని, నాకెంత కావాలి?" అంది తంగేడమ్మ.

ఆ మాట నమ్మితే వడిగాడికి సుఖం. అందుకే నమ్మేశాడు. ఆమె డొక్కల వైపు మాత్రం చూడలేదు.

అలా అలా అదే అలవాటైపోయింది. ఒక ఉదయం గుట్ట అవతల దుప్పి పడింది. "బొరియ దాకా మోసుకెళ్లడం దేనికి? ముందు మనం ఇక్కడే తినేద్దాం," అన్నాడు వడిగాడు.

"అక్కడ పిల్లలు..." అని నసిగాడు ఒక వేటగాడు.

"ఏదైనా అయితే తంగేడమ్మ ఈల వేస్తుందిగా!" అని కసిరి, వడిగాడు తినసాగాడు. తీరిగ్గా తిన్నారు. ఈల ఏదీ వినపడలేదు.

మిగిలిన తొడ ఈడ్చుకుంటూ గుట్ట దిగేసరికి వడిగాడి నోట్లోంచి అది జారిపోయింది. బొరియ ముందు చిరుతపులి! పంజాతో లోపలికి కెలుకుతోంది. మందంతా ఒక్కసారిగా దాని మీదికి ఉరికింది. చిరుత ఒక్క దూకు దూకి పారిపోయింది.

తంగేడమ్మ బొరియ నోట్లో అడ్డంగా ఇరుక్కుని పడి ఉంది. భుజం చీరుకుపోయింది. ఆమె వెనక పిల్లలు ఒకరినొకరు అంటుకుని వణుకుతున్నారు. అందరూ ఉన్నారు.

"ఎందుకు పిలవలేదు పెద్దమ్మా? ఒక్క ఈల వేస్తే వచ్చి వాలేవాళ్లం కదా!" అని ఏడ్చాడు వడిగాడు.

"పిలిచాను నాయనా," అంది తంగేడమ్మ మెల్లగా. "ఎన్నోసార్లు పిలిచాను. ఊపిరి చాల్లేదు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేది అనిపించింది వడిగాడికి. అప్పుడు చూశాడు ఆమె డొక్కలు. ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. తన పొట్ట మాత్రం నిండుగా వేలాడుతోంది. వాడికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

తొడ ఈడ్చుకొచ్చి ముందు పిల్లలకు పెట్టాడు. తర్వాత మంచి ముక్క తంగేడమ్మ నోటి దగ్గర ఉంచాడు. "తప్పు నాదే పెద్దమ్మా. ఇది నీ వంతు," అన్నాడు. తను దూరంగా పోయి పడుకున్నాడు. వేటగాళ్లను వాడేమీ గద్దించలేదు. వాడిని చూసి వాళ్లే వెనక్కి తగ్గారు.

ఆనాటి నుంచి పాత ఆచారం మళ్లీ మొదలైంది. తంగేడమ్మ గాయం మానింది, డొక్కలు నిండాయి.

కొన్నాళ్లకు చిరుత మళ్లీ వచ్చింది. అప్పుడు వడిగాడు ఒక దుప్పిని తరుముతున్నాడు. ఇంకొక్క దూకు దూకితే అందేదే. అంతలో గుట్టలు మారుమోగేలా ఈల! వడిగాడు ఉన్నపళంగా వెనక్కి తిరిగాడు. మందంతా వాడి వెంట పరుగెత్తింది. ఆ రాగిరంగు దండు గుట్ట దిగడం చూసి చిరుత పారిపోయింది, మళ్లీ ఆ వైపు తొంగిచూడలేదు.

ఆ సాయంత్రం దొరికింది ఒక చిన్న కుందేలు. వడిగాడి వంతు వచ్చేసరికి ఒక్క ఎముక ఉంది.

"నాన్నా, నీకేమీ మిగల్లేదే!" అంది వాడి చిన్నపిల్ల.

వడిగాడు ఆ ఎముక కొరుకుతూ నవ్వాడు. "ఇవాళ ఈల వినపడింది కదమ్మా. నాకది చాలు," అన్నాడు.

నీతి: తన వాళ్లలో ఎవరి కడుపు ఖాళీగా ఉందో చూసుకున్నాకే పెద్ద అయినవాడు ముద్ద ముట్టాలి. కడుపు మాడినవాళ్లకు ఆపదలో పిలిచే ఊపిరి కూడా మిగలదు.