ఎర్రమన్ను తీర్పు

చంద్రశిలా నగరాన్ని ఏలే కుమారవల్లభ రాయలకు ఒకనాడు నిండుసభలో విసుగు పుట్టింది. ఊరంతా రెండుగా చీలి ఒకే ఒక్క మనిషిని గురించి వాదులాడుకోవడమే అందుకు కారణం.

ఆ మనిషి పేరు మర్జాన్. సముద్రం దాటి హబ్షీ దేశం నుంచి వచ్చిన దంపతులకు ఈ నగరంలోనే పుట్టినవాడు. కాటుకకొండ వంటి మేను, పిడుగు వంటి పిడికిలి. మూడేళ్లుగా ముష్టియుద్ధంలో అతణ్ణి పడగొట్టిన జెట్టి లేడు. విజేతకు రాజు తొడిగే బంగారు గండపెండేరం అతని కాలికే ఉంది. గెలిచిన ప్రతిసారీ తొడ చరిచేవాడు, బరి చుట్టూ తిరిగేవాడు, పిడికిలి పైకెత్తి నవ్వేవాడు. అది చూసి సగం ఊరు జేజేలు కొట్టేది, తక్కిన సగం పళ్లు కొరికేది.

పళ్లు కొరికేవారికి పెద్ద, ఆస్థాన ప్రశస్తికర్త భోగేశ్వర సోమయాజి. విజేతల కీర్తిని శిలలపై చెక్కించేది ఆయనే.

"ప్రభూ, వాడి పొగరు సభకే అప్రతిష్ఠ. ఆ పెండేరం ఊడదీయించండి. వాడి రంగుతో నాకేమీ పేచీ లేదు సుమండీ! నేను చూసేది నడవడి. కేవలం నడవడి!"

"ధవళమల్లు కూడా గెలిస్తే తొడ చరుస్తాడు కదయ్యా?" అన్నాడు రాజు. ధవళమల్లు మొగలిరేకు ఛాయగల జెట్టి, బలంలో మర్జాను తరవాతివాడు.

"అది వీరరసం, ప్రభూ!"

రాజు తల పట్టుకున్నాడు. "ఎల్లుండి వాళ్లిద్దరికీ పోటీ. ఆ పొద్దు గుంకేలోగా ఈ తగవు తీర్చినవారికి నా మెడలోని ముత్యాలహారం. తీరకపోతే పెండేరం ఇక ఎవరి కాలికీ ఉండదు, కరిగించేస్తాను!"

రాజుకు తాంబూలం అందిస్తున్న అడపకత్తె కొమ్మసాని మెల్లగా నోరు విప్పింది.

"ప్రభువులు సెలవిస్తే ఒక మాట. నడవడి ఎరిగినవారు సోమయాజిగారు. బరిలో ఎవరేమి చేసినా వారే అప్పటికప్పుడు గొంతెత్తి గుణదోషాలు చెప్పాలి. లేఖకుడు తాటాకుమీద రాయాలి. గెలిచినవాణ్ణి ఆ ఆకు మెచ్చితే పెండేరం వాడిది, తిడితే లేదు."

"అడపం మోసే చేతులకు ఇంత ఆలోచనా! సమ్మతమే," అన్నాడు సోమయాజి, ఉత్తరీయం సవరించుకుంటూ.

ఆ మధ్యాహ్నమే కొమ్మసాని జెట్టిలు సాధన చేసే సాముగరిడీకి వెళ్లింది. మర్జాన్ ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

"నా పెండేరాన్ని తీసుకుపోయి ఆయన చేతిలోనే పెట్టావేమక్కా? తొడ చరిస్తే పొగరంటాడు. తల వంచుకుని పోతే లోలోపలి పొగరంటాడు. నేనేం చెయ్యను?"

"ఓడిపో. బంగారంలాంటి పిల్లవాడంటాడు."

మర్జానుకు నవ్వాగలేదు. పక్కనే కసరత్తు చేస్తున్న ధవళమల్లు దగ్గరికి వచ్చాడు. "నాదీ ఒక బాధేలే అక్కా. మూడేళ్లుగా నా ఛాయను పొగడడమే తప్ప, నా గుద్దు ఎలా ఉందో ఆయన ఒక్కనాడూ చెప్పలేదు."

"అయితే ఇద్దరూ వినండి," అంది కొమ్మసాని.

ఆ నగరపు జెట్టిలకు ఒక ఆచారముంది. పోటీకి ముందు గుండు కొట్టించుకుని, నూనెతో, మజ్జిగతో పిసికిన బరి ఎర్రమన్నును ఒళ్లంతా పట్టిస్తారు. పెండేరం గలవాడు దాన్ని విప్పి రాజు ముందుంచి, తూర్పు వాకిట బరిలోకి వస్తాడు. ఎదిరించేవాడు పడమటి వాకిట వస్తాడు.

పోటీనాడు తూర్పు నుంచొకడు, పడమర నుంచొకడు వచ్చారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డు. కనురెప్పల దాకా ఎర్రమన్ను, పిడికిళ్లకు గుడ్డపట్టీలు.

పడమటివాడు ఫెళ్లున తొడ చరిచాడు.

"ఆహా! మేఘగర్జన! రాయవయ్యా!" అన్నాడు సోమయాజి.

తూర్పువాడు తల వంచి నేలకు నమస్కరించాడు.

"కపటం! ఆ వంగడంలోనే ఉంది పొగరంతా! రాయి!"

ఊరూ తక్కువ తినలేదు. మర్జాను పక్షంవారు తూర్పువాడికి జేజేలు కొట్టి పడమటివాణ్ణి ఎగతాళి చేశారు. రెండో పక్షం దానికి సరిగ్గా తలకిందులు. గుద్దు ఎక్కడ పడుతోందో చూసినవాడు లేడు. ఏ వాకిటివాడు కొట్టాడన్నదే అందరి ధ్యాస.

ఘడియ సేపటికి పడమటివాడి ఎడమ పిడికిలి దవడకు తగిలి తూర్పువాడు వెల్లకిలా పడ్డాడు. గెలిచినవాడు బరి చుట్టూ తిరిగి, రాజు కూర్చున్న మేడవైపు పిడికిలెత్తి నవ్వాడు.

"సింహవిహారం!" సోమయాజి కన్నీరు పెట్టుకున్నాడు. "రాజుకు వీరవందనం! విజయంలో ఇంత శోభగల నడవడి నా జన్మలో ఎరగను. పెండేరం ఈ కాలికే తగును!"

రాజు కూడా చప్పట్లు కొట్టాడు.

కొమ్మసాని సైగ చేసింది. గెలిచినవాడు నీళ్లకుండ ఎత్తి నెత్తిన కుమ్మరించుకున్నాడు.

ఎర్రమన్ను జారిపోయింది. కాటుకకొండ తేలింది.

జెట్టిలిద్దరూ వాకిళ్లు మార్చుకుని వచ్చారు! రాజు చప్పట్లు కొట్టిన తన చేతులను తానే చూసుకున్నాడు.

"ప్రభూ," అన్నాడు సోమయాజి తడబడుతూ, "బరిలో లేచిన దుమ్ము నా కళ్లను కమ్మింది!"

కొమ్మసాని చేతులు జోడించింది.

"లేదు ప్రభూ. ఆ దుమ్ము ఎప్పుడూ వారి కళ్లలోనే ఉండేది. ఈ ఒక్కరోజు జెట్టిల ఒంటిమీదికి పోయింది, కనుక వారికి నడవడి కనబడింది."

రాజు పకపక నవ్వాడు. ముత్యాలహారం తీసి కొమ్మసాని చేతిలో పెట్టి, "ఆ తాటాకు అక్షరం మార్చకుండా శిలపై చెక్కించు సోమయాజీ. పెండేరం కూడా నీ చేతులతోనే తొడుగు," అన్నాడు.

సోమయాజి వంగి పెండేరం తొడిగి లేవబోతుండగా, ఆయన చెవి పక్కనే మర్జాన్ ఫెళ్లున తొడ చరిచాడు.

ఊరంతా సోమయాజివైపు చూసింది. ఆయన ఒకసారి రాజును చూశాడు, ఒకసారి తాటాకును చూశాడు.

"మే... మేఘగర్జన!" అన్నాడు.

రెండు పక్షాలూ కలిసి నవ్విన నవ్వు ఆ నగరంలో అదే మొదటిది.