మరాళ విమానంలో ఖాళీ సీటు

చయనులుగారికి ఒక అలవాటు ఉంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు, "నాతో రా" అంటారు. శిష్యులకు ఈ పద్ధతి ఒంటబట్టేసరికి సగం జీవితం గడిచిపోతుంది.

పరాంకుశానికి అంత వ్యవధి లేదు. తాతగారు పెట్టిన మరాళ ఎయిర్‌వేస్ తన చేతుల్లో మునిగిపోయేలా ఉంది. చవక టికెట్ల విమానాలు వచ్చి ప్రయాణికులను తన్నుకుపోతున్నాయి. ఆ సాయంత్రమే హైదరాబాదులో వాటాదార్ల సమావేశం. ఏదో ఒక దారి చూపకపోతే సంస్థను అమ్మేస్తారు. దిక్కుతోచక పొద్దున్నే అనకాపల్లి దగ్గర గురువుగారి ఆశ్రమానికి పరిగెత్తుకొచ్చాడు.

"వాళ్లు చేసినవన్నీ చేశాను గురువుగారూ. వాళ్లలాగే ఖర్చులు కోసేశాను, వాళ్లలాగే ఠంచనుగా విమానం తలుపులు మూయిస్తున్నాను. అయినా జనం వాళ్ల దగ్గరికే పోతున్నారు. మేమింకా ఏం వదులుకోవాలి?"

చయనులుగారు కర్ర అందుకున్నారు. "నాకూ హైదరాబాదులో పనుంది. నీ విమానంలోనే పోదాం, రా. నాకు వెనక వరసలో సీటు చాలు. నేను నీకేమవుతానో మాత్రం అక్కడెవరికీ చెప్పకు."

ఆయనకు మోకాళ్లు సహకరించవు, చూపూ అంతంతమాత్రమే. విశాఖ విమానాశ్రయంలో మరాళ కౌంటరు అమ్మాయి ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, "మావాళ్లొచ్చి తీసుకెళ్తారు తాతగారూ, ఇక్కడే ఉండండి" అంది. ఇచ్చిన మాట ప్రకారం పరాంకుశం ముక్కూ మొహం తెలియనివాడిలా ముందుకు నడిచాడు.

ముందు వరసలో అతనికి వెండి గ్లాసుతో బాదంపాలు వచ్చాయి. తాతగారి కాలం నాటి మర్యాద అది. ఎన్ని ఖర్చులు కోసినా దాని జోలికి మాత్రం అతను పోలేదు. తలుపులు సమయానికి మూసుకున్నాయి, విమానం లేచింది. లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

మబ్బులు దాటాక గురువుగారిని చూద్దామని వెనక్కి వెళ్లాడు. ఆ సీటు ఖాళీగా ఉంది.

వరస వరసా వెతికాడు, బాత్రూము తలుపు తట్టాడు. ఎయిర్ హోస్టెస్ వచ్చి, "ఆ పెద్దాయన రాలేదు సార్. టైమైపోయింది" అంది.

"రాకపోతే వెతకరా? పేరు పెట్టి పిలవరా?" అని అరిచాడు.

ఆ అమ్మాయి నేలచూపులు చూస్తూ గొంతు తగ్గించింది. "ఆ పని చేసేవాళ్లని మీరే తీసేశారు కదా సార్."

పరాంకుశానికి పాత రోజులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు మరాళలో తలుపు మూసేముందు ఒక మనిషి హాలంతా కలియదిరిగేవాడు. రాని ప్రయాణికుణ్ణి పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. ముసలి తల్లిని ఒంటరిగా పంపవలసిన వాళ్లు డబ్బు ఎక్కువైనా మరాళ టికెట్టే కొనేవారు. ఖర్చులు కోసిన రోజున మొట్టమొదట పోయింది ఆ ఉద్యోగమే. కాగితం మీద అది దండగలా కనబడింది మరి!

హైదరాబాదులో దిగగానే విశాఖలోని తన ఆఫీసుకే ఫోన్ చేశాడు. "మీ కాల్ మాకెంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి" అని మర మనిషి గొంతు పలికింది. తర్వాత వీణ మోగింది. ఎంతసేపు విన్నా మనిషి పలకలేదు. ఇంత పెద్ద సంస్థకు యజమానినై ఉండి, చూపు ఆనని ఒక వృద్ధుణ్ణి ఎక్కడ పారేసుకున్నానో తెలుసుకోలేకపోయానే అని అతనికి ఏడుపొచ్చింది. వాటాదార్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా ఎత్తకుండా, బయటికొచ్చే దారి దగ్గరే నిలబడిపోయాడు.

చాలాసేపటికి ఒక చవక టికెట్ల విమానం దిగిన గుంపులో, కర్ర ఊతంతో గురువుగారు వచ్చారు. పరాంకుశం ఆ జనంలోనే ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"లే, లే. నీవాళ్లు ఉండమన్నచోటే ఉన్నాను. నీ విమానం పోయిందని తెలిశాక పక్క కౌంటరుకి వెళ్లాను. అక్కడి పిల్ల, 'మంచినీళ్లు కూడా ఇవ్వం తాతా, నడిచే ఎక్కాలి' అని మొహం మీదే చెప్పేసింది. సరేనని నడిచే ఎక్కాను."

పరాంకుశం కళ్లు తుడుచుకున్నాడు. "సాయంత్రం వాటాదార్లకేం చెప్పమంటారు గురువుగారూ?"

చయనులుగారు అతని భుజం మీద చెయ్యి వేసి అడుగు ముందుకేశారు.

"వచ్చి తీసుకెళ్తామన్నది నీవాళ్లు. పక్క కౌంటరు పిల్ల ఆ మాట అనలేదు నాయనా. అక్కడ నేను ఎదురుచూడనూ లేదు."